మైకు అలిగిన ఇల్లు

ఊదుడు బాబాయ్‌ని అసలు పేరుతో పిలిచేది కరెంటు బిల్లు ఒక్కటే. మిగతా లోకమంతటికీ ఆయన ఊదుడు బాబాయే. కంప్యూటరు ఏ జబ్బుతో వచ్చినా సరే, ముందు దాని మూత విప్పి, బుగ్గలు బూరల్లా పొంగించి, ఫూ అని ఊదుతాడు. సగం జబ్బులు ఆ దుమ్ముతోనే ఎగిరిపోతాయని ఆయన గట్టి నమ్మకం. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోకుండా ఆయన మీసాల్లో కాపురం పెడుతుంది.

ఆయన షాపు ఒక మేడ మెట్ల కింద ఉన్న గది. నిటారుగా నిలబడటం గుమ్మం దగ్గర మాత్రమే కుదురుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. గుమ్మం పక్కన జిరాక్సు మెషీను ముందు ఆయన భార్య కూర్చుంటుంది. ఆయన అందరికీ బాబాయ్ కాబట్టి ఆవిడ అడక్కుండానే అందరికీ పిన్ని అయిపోయింది. కాగితాలు తీసుకుంటూ, ఇస్తూ, మధ్యలో ఊరి సంగతులన్నీ చెవిన వేసుకుంటూ ఉంటుంది. ఆవిడ నోట్లోంచి ఒక్క రహస్యం బయటికి పోదు, బాబాయ్ దగ్గర తప్ప.

ఊడిపోయి, మళ్లీ తగులుకుని, మళ్లీ ఊడిపోయే సామాన్లంటే బాబాయ్‌కి ప్రత్యేకమైన ప్రేమ. మౌసులు, కీబోర్డులు, ప్రింటర్లు, పెన్‌డ్రైవులు. వాటికి ఆయన పెట్టిన పేరు అలక జబ్బు.

"పూర్తిగా చచ్చిపోయినదాంతో ఏ బాధా లేదు. పారేసి కొత్తది తెచ్చుకుంటాం," అంటాడు. "ఇది అలా కాదే. టుడుం అని అలిగి పోతుంది. టిడింగ్ అని అదే తిరిగొస్తుంది. ఎందుకు పోయావే తల్లీ అంటే చెప్పదు. అలిగినదాన్ని చూసి లాభం లేదు. ఇంట్లోవాళ్లని చూడాలి."

అందుకే అలాంటి కేసు రాగానే ఆయన వేసే మొదటి ప్రశ్న ఒకటే: "అది ఊడిపోయినప్పుడు ఇంట్లో ఎవరేం చేస్తున్నారు?" కొందరికి ఆ ప్రశ్న నచ్చదు, మా ఇంటి గొడవ నీకెందుకయ్యా అని మొహం మాడ్చుకుంటారు. కానీ లెక్కల మాస్టారి ప్రింటరు ఆగిపోయేది వాళ్లావిడ వంటింట్లో మిక్సీ వేసినప్పుడేనని అలాగే తేలింది. పళ్ల డాక్టరు మౌసు పోయేది బల్ల కింద కుక్క అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నప్పుడేనని కూడా అలాగే తేలింది.

ఇంత చూపు ఉన్న మనిషికి ఒక్క విషయం మాత్రం చేతకాదు. ఎవరి కళ్లలోనైనా నీళ్లు కనబడితే అక్కడ కూర్చోలేడు. "స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానబ్బా," అంటూ లేచిపోతాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉండగా కూడా అదే మాట అన్న రోజులున్నాయి.

ఒక ఉదయం షాపు తెరిచీ తెరవకముందే ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సిటీ బస్సు డ్రైవరు యూనిఫారంలో ఉన్నాడు. సీపీయూని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. దాని మీద చిన్న మైకు.

"మైకు ఊడిపోతోంది," అన్నాడు.

"ఎప్పుడు?"

"మధ్యలో."

"దేని మధ్యలో?"

"మాట్లాడుతుంటే."

"ఎవరు మాట్లాడుతుంటే?"

"మా ఆవిడ."

ఆ తర్వాత గుంజినా మాట రాలేదు. సామాను బల్ల మీద పెట్టి, "తొందరగా కావాలి," అని వెళ్లిపోయాడు.

"ఈయన మాటలకి కూడా అదే జబ్బున్నట్టుందే," అంది పిన్ని.

బాబాయ్ మూత విప్పాడు, ఊదాడు, బిగించాడు. మైకు తగిలించి దానితో మాట్లాడాడు. పాత బాకీలవాళ్లని తిట్టాడు. పిన్ని వచ్చి ఆయన్ని తిట్టింది. మైకు అన్నీ బుద్ధిగా వింది. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఊడలేదు. షాపులో నోట్లో వేలు పెట్టినా కొరకని వస్తువు ఇంటికెళ్లగానే పేచీ పెడుతోందంటే, సంగతి ఇంట్లోనే ఉందని బాబాయ్‌కి అర్థమైంది. మర్నాడు పొద్దున్నే సీపీయూని చంకనేసుకుని డ్రైవరు ఇంటికి తనే వెళ్లాడు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గది గోడలకి మందపాటి దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయి, వీధి చప్పుడు లోపలికి రాకుండా. కిటికీ పక్కన బల్ల. బల్ల ముందు రెండు నల్లటి ఆఫీసు కుర్చీలు, చక్రాలవి, కూర్చుంటే మెల్లగా కిందికి దిగేవి. ఎక్కడో ఆఫీసు ఎత్తేస్తుంటే డ్రైవరు ఏరి తెచ్చాడట, ఒకటి ఆవిడకి నడుం నొప్పి రాకుండా, ఇంకొకటి పక్కన తను కూర్చోడానికి.

"రండి బాబాయ్, కూర్చోండి," అంది కుర్చీలో ఉన్నావిడ.

బాబాయ్ కూర్చోలేదు. ఆ గొంతు వినగానే గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఆ గొంతు ఎవరికి తెలియదు? ప్రయాణికులకు గమనిక, అని మొదలయ్యే గొంతు. బస్టాండులో స్తంభానికి కట్టిన రేకు స్పీకరులోంచి ఇన్నేళ్లూ ఊరి జనాన్ని పరుగులు పెట్టించిన గొంతు. దాని వెనక మెడకి శాలువా చుట్టుకున్న ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషి తనని బాబాయ్ అని పిలుస్తుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడా గొంతు అడుగున గరుకు కాగితం రాస్తున్నట్టు ఒక జీర ఉంది.

విషయం ఆవిడే చెప్పింది, ఆగి ఆగి. గొంతులో కణితి. వచ్చేవారం ఆపరేషను. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి భయం లేదన్నారు, గొంతు మాత్రం ఇక రాదు. ఆస్పత్రిలో మాట నేర్పే మేడమ్ ఈ మైకూ, ఒక ప్రోగ్రామూ ఇచ్చింది. రోజూ వాడే మాటలన్నీ ఇప్పుడే చదివి ఎక్కించుకుంటే, తర్వాత టాబ్లెట్ మీద వేలితో నొక్కినప్పుడల్లా ఆవిడ గొంతే ఆ మాట పలుకుతుంది. ఫోనులో ఎక్కించి చూశారు. కుండలోంచి మాట్లాడినట్టు వచ్చింది, పైగా ప్రోగ్రాము దాన్ని తీసుకోనంది.

"పొద్దున్నే నాకు ఒక గ్లాసుడు గొంతు ఇస్తారు బాబాయ్," అంది నవ్వుతూ. "ఒక్క గ్లాసే. అది అయిపోతే ఆ రోజుకి గాలి తప్ప ఏమీ రాదు. అందులో సగం ఈ మైకు ఒలకబోస్తోంది."

బాబాయ్ స్క్రూడ్రైవరు కోసం వెతుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే అక్కడికే వెళ్లాడు. ముందు కేబుల్ మార్చాడు. మైకుని ముందు వైపు పోర్టులోంచి తీసి వెనక వైపు గుచ్చాడు. నాలుగు తీగలు ఒకేచోట కలిపే హబ్బుని పీకి పక్కన పడేశాడు. వాడని సామానుకి కంప్యూటరు తనంతట తనే కరెంటు ఆపేసే సెట్టింగు ఒకటుంటుంది, పొదుపు పేరుతో చేసే పిసినారితనం. దాన్ని కూడా తీసేశాడు. గోడ ప్లగ్గులో ఎర్తింగు చూశాడు. ఫ్యాను ఆపించాడు. వంటింట్లో ఫ్రిజ్ ఆపించాడు. ఆఖరికి షాపులోంచి తన సొంత కంప్యూటరు తెచ్చి, మైకు దానికి తగిలించాడు. ఆవిడ రెండు మాటలు చదివింది. మూడో మాటకి టుడుం. ఆయన కంప్యూటరు కూడా ఆ ఇంటికొచ్చి అలిగింది.

మాట మధ్యలో మైకు ఊడితే ప్రోగ్రాము బిగుసుకుపోతుంది. మూసి, తెరిచి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆవిడ నీళ్లు తాగి, కళ్లు మూసుకుని, మళ్లీ గొంతు కూడదీసుకునేది. రోజురోజుకీ ఆ గ్లాసు చిన్నదవుతోంది. బాబాయ్ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే మూలన పెట్టేసేవాడు.

"వాళ్ల కథ తెలుసా నీకు?" అంది పిన్ని ఒక మధ్యాహ్నం. జిరాక్సు కోసం వచ్చే కండక్టర్లు చెప్పారట. "ఆవిడ మొహం చూడకముందే ఆయనకి ఆ గొంతంటే ప్రాణమట. బయలుదేరే టైమైనా, ఆవిడ చెప్పడం అయ్యేదాకా బస్సు కదిలించేవాడు కాదట. వెనక బస్సులవాళ్లు హారన్లు కొట్టి చచ్చేవాళ్లట. చివరికి ఆవిడే విసుగొచ్చి మైకులో అడిగిందట, ఆ బస్సు డ్రైవరుగారు ఎందుకు కదలడం లేదో ఒకసారి వచ్చి చెప్పాలి అని. చెప్పడానికి వెళ్లాడు. ఏం చెప్పాడో మరి, పెళ్లయింది."

"ఆ మనిషి అంత చెప్పాడా!" అన్నాడు బాబాయ్.

నిజానికి బాబాయ్‌కి ఆ డ్రైవరు మీద కొంచెం కోపంగా ఉంది. పక్కన కూర్చుంటాడు. ఊ అనడు, ఆ అనడు. కాసేపు కాగానే మంచినీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి పోతాడు. గ్లాసు నిండుగానే ఉంటుంది, అయినా పోతాడు. ఒకసారి అలా పోయినప్పుడు ఆవిడ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అంది.

"విసుగు బాబాయ్ ఆయనకి. ఒక్కో మాట ఎన్నిసార్లని వింటారు? డ్యూటీ చేసొచ్చి ఇదొకటి. పాపం, పైకి అనరు."

పాపం అందే గానీ, ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది. మైకు అప్పటికే ఇంకోసారి ఊడిపోయి ఉంది. ఆవిడ మౌసు జరిపి, ఎక్కినవీ ఎక్కనివీ తెర మీద చూపించింది.

"చూడండి దీని తెలివి. కిటికీ తెరవండి, ఎక్కింది. కరెంటు పోయింది, ఎక్కింది. డాక్టరుగారిని పిలవండి, సుబ్బరంగా ఎక్కింది. తిన్నారా, అంటే ఎక్కదు. జాగ్రత్తగా వెళ్లి రండి, ఎక్కదు. ఆలస్యమైతే ఫోన్ చెయ్యండి, ఎక్కదు. దీన్ని పట్టిన దయ్యం కూడా రుచి చూసి ఏరుకుని తింటోంది బాబాయ్."

ఆవిడ నవ్వింది. బాబాయ్ నవ్వలేదు. ఏరుకుని అన్న మాట ఆయన బుర్రలో ముల్లులా దిగింది. యంత్రానికి తీగలు తెలుసు, కరెంటు తెలుసు, మాటల్లో రుచి ఎలా తెలుస్తుంది? అది తెలిసేది మనుషులకే.

మర్నాడు ఆయన బల్ల మీది సామాను జోలికి పోలేదు. టార్చి నోట కరుచుకుని బల్ల కిందికి దూరాడు. సీపీయూ వెనక ముడుచుకుని కూర్చుని, "మీరు కానివ్వండమ్మా, నేను లేననుకోండి," అన్నాడు.

అక్కణ్నించి ఆయనకి కనిపించేవి నాలుగు పాదాలే. ఆవిడవి చలికి ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి. డ్రైవరువి మేజోళ్లలో ఉన్నాయి, నేలకి ఆనించి. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. దుప్పటి ఇవ్వండి. డ్రైవరు పాదాలు కదల్లేదు. చెప్పులు ఎక్కడున్నాయి. కదల్లేదు.

"జాగ్రత్తగా వెళ్లి రండి."

మేజోళ్లలో వేళ్లు ముడుచుకున్నాయి. మడమలు లేచాయి. కుర్చీ ఉస్సుమని నిట్టూర్చి పైకి లేచింది. అదే క్షణంలో తల పైన, బల్ల మీంచి కంప్యూటరు టుడుం అంది.

"మంచినీళ్లు తెస్తా," అంటూ పాదాలు వంటింటి వైపు వెళ్లిపోయాయి.

బాబాయ్ చీకట్లో కళ్లార్పకుండా ఆ ఖాళీ కుర్చీ కింది ఇనప గొట్టాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో ఒక ఆఫీసులో గుమాస్తా లేచినప్పుడల్లా తెర ఆరిపోయేది. కుర్చీ గ్యాసు గొట్టం వల్ల అని ఒక పెద్ద మెకానిక్కు చెబితే, బాబాయ్ పక్కకి తిరిగి కిసుక్కున నవ్వాడు. కుర్చీకీ కంప్యూటరుకీ చుట్టరికం ఏమిటని. ఇప్పుడాయన పాకుతూ బయటికొచ్చి, ప్రోగ్రాము మళ్లీ తెరవమని ఆవిడకి చెప్పి, డ్రైవరు ఖాళీ చేసిన కుర్చీలో తనే కూర్చుని ఉన్నట్టుండి లేచాడు. టుడుం. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. టుడుం.

"ఏమైంది బాబాయ్?" ఆవిడ గొంతు ఆ రోజుకి అప్పటికే గాలైపోయింది.

"ఏం లేదమ్మా, మోకాళ్లు పట్టేశాయి," అన్నాడు. లోపల మాత్రం గంతులేయాలని ఉంది. ఈ శుభవార్త ముందు డ్రైవరు చెవిన వేద్దామని వంటింటి గుమ్మం దాకా ఒక్క అంగలో వెళ్లాడు.

కుళాయి ధారగా కారుతోంది. డ్రైవరు అటు తిరిగి, తళతళలాడుతున్న గ్లాసునే మళ్లీ మళ్లీ తోముతున్నాడు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కుళాయి చప్పుడు ఎందుకో బాబాయ్‌కి అప్పుడు తెలిసింది. వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. "రేపు సంగతి తేలుస్తానమ్మా," అని చెప్పి మెట్లు దిగాడు.

"చెప్పాలా, వద్దా?" అన్నాడు షాపులో పిన్నితో, అంతా చెప్పాక. "ఆయన లేచి వెళ్లడం వల్లే ఇన్నాళ్లూ ఆవిడ గొంతు వృథా అయిందని ఆ మనిషికి ఎలా చెప్పను? మన చెక్క కుర్చీ ఒకటి అక్కడ పడేసి, దాన్ని తీసేస్తే పోలా? మైకు ఊడదు. ఎవరికీ ఏం తెలియదు."

పిన్ని జిరాక్సు మెషీను ఆపింది.

"మైకు ఊడదు, సరే. ఆయన లేచి పోతూనే ఉంటాడు. ఆవిడ విసుగనుకుంటూనే ఉంటుంది. తర్వాత ఎప్పుడో అడుగుదామన్నా ఆవిడకి గొంతుండదు." కాగితాల కట్ట సర్దుతూ అంది. "మా అమ్మ పోయిన రోజు నువ్వు నా పక్కన కూర్చోకుండా టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నావు, గుర్తుందా? నీకేమీ పట్టలేదనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను."

"ఆ ఫ్యాను శబ్దం చేస్తోంది మరి," అన్నాడు బాబాయ్.

"చేయలేదు."

బాబాయ్ స్క్రూడ్రైవరు కోసం లేవబోయాడు. పిన్ని ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది.

"వెళ్లి చెప్పు. మనిషి మీద పెట్టకు, కుర్చీ మీద పెట్టి చెప్పు."

మర్నాడు బాబాయ్ షాపులోని చెక్క కుర్చీని భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కాడు. రొప్పు తగ్గేదాకా ఆగి, ఇద్దరినీ కూర్చోబెట్టి, దొంగని పట్టించినట్టు నల్ల కుర్చీ వైపు వేలు చూపించాడు.

"ఇదమ్మా దయ్యం. దీని కడుపులో గ్యాసు గొట్టం ఉంది. మనిషి బరువు దిగ్గానే లోపల ఇనుము కదిలి, కంటికి కనపడనంత మెరుపొకటి పుడుతుంది. ఈ పొడి గాలికి మరీ ఎక్కువ. పక్కనే మైకు తీగ ఉంది కదా, అది ఉలిక్కిపడుతుంది. అంతే, ఊడిపోతుంది. తప్పు కుర్చీది. ఇందులో మనుషుల తప్పు ఇసుమంత లేదు."

ఎంత జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టినా, కుర్చీలోంచి లేచింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. డ్రైవరు మొహం పాలిపోయింది.

"నేనేనా?" అన్నాడు. "నేను లేచినప్పుడల్లానా?"

ఆవిడ ఆయన వైపు చూసింది. తర్వాత తెర వైపు, ఎక్కని మాటల వైపు చూసింది. తిన్నారా. జాగ్రత్తగా వెళ్లి రండి. ఆలస్యమైతే ఫోన్ చెయ్యండి. 

"మీరు నీళ్లకి వెళ్లలేదు," అంది.

డ్రైవరు తల దించుకున్నాడు.

"నేను విసుగనుకున్నానండీ."

"విసుగా!" ఆ మాట కత్తిలా తగిలినట్టు ఆయన తలెత్తాడు. ఇన్నాళ్లలో బాబాయ్ ఆ మనిషి నోట అన్ని మాటలు వినడం అదే మొదలు. "రోజూ గుమ్మంలో చెప్తావు కదా, జాగ్రత్తగా వెళ్లి రండి అని. నేను ఊ అని కూడా అనకుండా మెట్లు దిగిపోతాను. రేపు కూడా చెప్తుందిలే అని. ఇప్పుడా మాటలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతుంటే, ఎలా కూర్చోమంటావు? నేను ఏడుస్తుంటే చూసి నీకు గొంతు పూడుకుపోతుందని బయటికి పోయాను. నీ గొంతు కాపాడదామని పోయాను. పోయి, నేనే పోగొట్టాను."

"మీరు కాదు. కుర్చీ. బాబాయ్ చెప్పారు కదా."

"అంతే, అంతే," అన్నాడు బాబాయ్ గబగబా. కళ్లు వేరే ఎటో పెట్టుకుని చెక్క కుర్చీని ముందుకి తోశాడు. "ఇందులో కూర్చోండి బాబూ. ఎన్నిసార్లు లేచినా ఏమీ కాదు."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబాయ్. ఆయన్ని ఆ కుర్చీలోనే కూర్చోనివ్వండి."

"అది కాదమ్మా, పొరపాటున లేచారంటే..."

"లేస్తే నా మాట పోతుందని తెలిశాక, ఇల్లు కూలినా లేవరు," అంది ఆవిడ. డ్రైవరు వైపు తిరిగి, "ఇవన్నీ మీకోసమే చదువుతున్నాను. నేను చెప్తుంటే ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని వినరూ?" అంది.

డ్రైవరు నల్ల కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు, ఎత్తైన ఘాటు రోడ్డు మీద స్టీరింగు పట్టుకున్నట్టు. బాబాయ్‌ని ఉండమన్నారు, అవసరం పడుతుందేమోనని. మోసుకొచ్చిన చెక్క కుర్చీ చివరికి ఆయనకే పనికొచ్చింది.

ఆవిడ నీళ్లు తాగింది. ఊపిరి పీల్చుకుంది. బస్టాండులో కూర్చున్నట్టు వీపు నిటారుగా పెట్టింది.

"జాగ్రత్తగా వెళ్లి రండి."

డ్రైవరు కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చేతులు వదలాలి. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఉన్నాయి. మైకు ఊడలేదు.

"ఆలస్యమైతే ఫోన్ చెయ్యండి."

ఊడలేదు. ఆవిడ ఆయన్నే చూస్తూ చదివింది, తెర వైపు చూడకుండా. ఆ మాటలు చదవడానికి ఆవిడకి తెర అక్కర్లేదు కూడా.

"తిన్నారా?"

ఆ మాటకి డ్రైవరు నిలవరించుకోలేకపోయాడు. ముక్కులోంచి చీదుడూ వెక్కిలీ కలిసి ఒక చప్పుడు వచ్చేసింది. భయంతో ఊపిరి బిగబట్టాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: వెనక శబ్దం వినిపిస్తోంది, మళ్లీ చదువుతారా? బాబాయ్ ముందుకి వంగి, తీసేసే బటను ఎక్కడుందో చూపించబోయాడు. ఆవిడ అంతకంటే ముందే మౌసు జరిపి, అలాగే ఉంచు అన్నదాని మీద నొక్కింది.

ఆ రోజు గ్లాసులో ఒక్క చుక్క ఒలకలేదు. ఆస్పత్రి మేడమ్ ఇచ్చినవన్నీ అయిపోయాయి. చివర్లో ఆవిడ సొంతంగా ఒకటి కలుపుకుంది. గొంతు అప్పటికే చిల్లుపడ్డ రేకులా ఉంది. అయినా పాత దర్జా ఎక్కణ్నించో లాక్కొచ్చింది.

"ప్రయాణికులకు గమనిక. మా డ్రైవరుగారు ఇంట్లోనే ఉన్నారు. ఎక్కడికీ బయలుదేరుటకు సిద్ధంగా లేరు."

అంతటితో గొంతు ఆగిపోయింది. డ్రైవరు ఏడుస్తూనే నవ్వాడు. అప్పుడు కూడా కుర్చీలోంచి లేవలేదు, ఆవిడే మైకు తీగ పీకేసి, ఇక లేవచ్చని చేత్తో సైగ చేసేదాకా.

ఆపరేషను బాగా జరిగిందని పిన్ని ద్వారా తెలిసింది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం డ్రైవరు షాపుకొచ్చాడు. "టాబ్లెట్ చార్జింగు ఎక్కట్లేదు. చార్జరు ఊడిపోతోంది. వీలైతే ఒకసారి ఇంటికి రండి బాబాయ్," అన్నాడు. ఆ మనిషికి ఒకేసారి అన్ని మాటలు వచ్చాయని పిన్ని ముక్కున వేలేసుకుంది.

ఇంట్లో గోడలకి దుప్పట్లు లేవు. కిటికీ బార్లా తీసి ఉంది. ఆవిడ మెడకి పల్చటి గుడ్డ కట్టుకుని, కొంచెం చిక్కి, అవే కళ్లతో నవ్వింది. ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది. బాబాయ్ కూర్చుని టాబ్లెట్ చార్జింగు రంధ్రంలోకి ఫూ అని ఊదాడు. ఒక దారప్పోగు ఎగిరి బయటపడింది. చార్జరు టక్కున పట్టుకుంది. అలక అంతే.

ఆవిడ టాబ్లెట్ దగ్గరికి తీసుకుని, వేలితో వెతికి ఒక బొమ్మ మీద నొక్కింది.

"తిన్నారా?" అంది ఆ గొంతు, బస్టాండు గొంతు, జీరతో సహా. దాని వెనకే చిన్నగా చీదుడు, వెక్కిలి.

బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, ఆ శబ్దం అలాగే ఉండిపోయిందామ్మా? ఇటివ్వు, ఒక్క నిమిషంలో కత్తిరించేస్తాను. మాట మాత్రం ఉంటుంది."

ఆవిడ టాబ్లెట్‌ని గుండెకి హత్తుకుంది. తల అడ్డంగా ఊపింది. తర్వాత మళ్లీ అదే బొమ్మ నొక్కింది, ఈసారి వంటింటి వైపు తిప్పి.

"తిన్నారా?" వెనకే ఆ వెక్కిలి.

"ఇంకా లేదు," అన్నాడు డ్రైవరు లోపల్నించి, గట్టిగా, గుమ్మం దాకా వినపడేట్టు. "వస్తున్నా. నీకు కూడా పెట్టుకొస్తున్నా. బాబాయ్‌ని వెళ్లొద్దను."

బాబాయ్‌కి కళ్ల ముందు కిటికీ, బల్ల, ఆవిడ మొహం అన్నీ మసకబారాయి. స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానబ్బా అంటూ లేవబోయాడు. లేవబోయి, తను కూర్చున్నది ఆ నల్ల కుర్చీలోనేనని గుర్తొచ్చి, అలాగే కూర్చుండిపోయాడు.